తిరిగెళ్ళాక కుదురుకోవడం ఎలా? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఆగస్టు నడిమికొచ్చేసరికి ఈ పేజీకి వచ్చే ఉత్తరాల తీరే మారిపోతుంది. విదేశాల నుంచి పిల్లల్ని తీసుకుని చెన్నైలో పుట్టింటికొచ్చిన ఆడపిల్లలు మళ్ళీ సూట్‌కేసులు దించి దుమ్ము దులిపే రోజులివి. ఈసారి అలాంటివి మూడు తీసుకున్నాను. మొదటిదానికి జవాబు పొడుగైంది, ఆవిడ అడిగింది కూడా అంతే ఉంది.

ప్రశ్న: అక్కా, మేము జర్మనీలో స్టట్‌గార్ట్‌లో ఉంటాం, మా పుట్టిల్లు విల్లివాక్కం. పిల్లలిద్దరితో జులై చివర్లో వచ్చాం. మావారు రెండు వారాలుండి సెలవైపోయి వెళ్ళిపోయారు, ఇప్పుడు ఇద్దర్నీ వేసుకుని నేనొక్కదాన్నే వెళ్ళాలి. పోయినేడాది తిరిగెళ్ళాక నెలరోజులు నరకం చూశాం. తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చునేవాళ్ళు. బాబు కిండర్‌గార్టెన్ గేటు దగ్గర నా జాకెట్ పట్టుకుని "అమ్మమ్మ దగ్గరికి పోదాం" అని ఒకటే ఏడుపు, పాప అన్నం ముట్టేది కాదు, నేను బాత్రూంలో తలుపేసుకుని ఏడ్చేదాన్ని. ఈ ఏడు బాబు ఒకటో క్లాసులో చేరుతున్నాడు, ఇంకా టెన్షన్‌గా ఉంది. ఇక్కడ చక్కగా మాట్లాడే తెలుగు అక్కడికెళ్ళిన వారానికే పోతుంది. అసలు ఇన్నేసి రోజులు రావడమే తప్పంటారా?
ఒక తల్లి, విల్లివాక్కం

జవాబు: చివరి మాట ముందు తేల్చేద్దాం. తప్పు కాదమ్మా. ఆరేళ్ళవాడికి, మూడేళ్ళ పాపకి అమ్మమ్మ ఒళ్ళో నెలరోజులు దొరకడం వాళ్ళ హక్కు, మీ హక్కు కూడా. మీకు కష్టమైంది రావడం వల్ల కాదు, తిరిగెళ్ళే పద్ధతి వల్ల. విమానం దిగిన మర్నాటి నుంచే ఇల్లు, బట్టలు, స్కూలు, ఆఫీసు అన్నీ యథాప్రకారం నడవాలనుకుంటాం. అలా నడవవు. మొదటి పది రోజులు పిల్లల నిద్ర, తిండి, ఒక రోజువారీ పద్ధతి, ఈ మూడింటికే ఇచ్చెయ్యండి. సూట్‌కేసులు హాల్లో తెరిచి పడున్నా ఏం కాదు.

నిద్ర సంగతి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే మీరు రాసిన గొడవల్లో సగం దాన్నుంచి పుట్టినవే. వేసవిలో మనకీ జర్మనీకీ తేడా మూడున్నర గంటలు. ఇక్కడ పొద్దున ఆరున్నరకి లేచే పిల్లకి అక్కడ మూడింటికే తెల్లారిపోతుంది. సాధారణంగా తల్లులు చేసేదేంటంటే, ప్రయాణానికి వారం ముందు నుంచి "స్కూలుంది, తొందరగా పడుకోవాలి" అని పిల్లల్ని తొమ్మిదింటికే పడుకోబెట్టి పొద్దున్నే లేపుతారు. పడమటికి వెళ్ళేవాళ్ళు చేయాల్సింది దీనికి సరిగ్గా తిరగేసి. అమ్మమ్మ ఇంట్లో రాత్రి పదకొండు దాకా మేలుకుని పొద్దున తొమ్మిదింటికి లేస్తున్నారా, అలాగే ఉండనివ్వండి. ఇక్కడి రాత్రి పదకొండంటే అక్కడ సాయంత్రం ఏడున్నర, ఇక్కడి పొద్దున తొమ్మిదంటే అక్కడ ఐదున్నర. దాదాపు అక్కడి టైముకి వచ్చేసినట్టే. సెలవుల్లో పాడైందని మీరు బాధపడే అలవాటే ఈ ఒక్క ప్రయాణానికి పనికొస్తుంది. ఇండియాకి వచ్చేటప్పుడు మాత్రం ఇది పనిచేయదు, తూర్పుకి రావడం ఎప్పుడూ ఇంకాస్త కష్టం.

వెళ్ళాక సాయంత్రాలు పిల్లల్ని బయట ఉంచండి. సెప్టెంబరు మొదట్లో మీ ఊళ్ళో రాత్రి ఏడున్నర దాటేదాకా వెలుతురుంటుంది, ఆ వెలుగే వాళ్ళ నిద్రని వెనక్కి జరుపుతుంది. ఐదున్నరకి కళ్ళు వాలిపోతుంటే సోఫాలో కూర్చోనివ్వకండి, కిందికి తీసుకెళ్ళి ఆడించండి, స్నానం చేయించండి. మూడింటికి లేచినా దీపం వెయ్యొద్దు, ఫోన్ ఇవ్వొద్దు, ఆకలంటే అరటిపండో బిస్కెట్టో చీకట్లోనే పెట్టి పక్కన పడుకోండి. రోజుకో గంట చొప్పున సర్దుకుంటుంది, నాలుగైదు రోజుల్లో దారికొస్తుంది. నిద్ర కోసమని జలుబు సిరప్ పోసే అలవాటు కొన్ని ఇళ్ళల్లో ఉంది, దయచేసి ఆ పని చేయకండి.

ఈ నాలుగైదు రోజులూ స్కూలు తెరిచేలోపే గడిచిపోవాలి. మీ బాడెన్-వ్యూర్టెంబెర్గ్ రాష్ట్రంలో సెలవులు సెప్టెంబరు రెండో వారం దాకా ఉంటాయి కాబట్టి మీకింకా అవకాశముంది. టికెట్ స్కూలుకి రెండ్రోజుల ముందుకి ఉంటే, డబ్బు కాస్త పోయినా సరే, వారం పది రోజులు ముందుకి మార్చుకోండి. వినాయక చవితి అమ్మ దగ్గరే చేసుకుని వెళ్దామని మనసు పీకుతుంది, నాకు తెలుసు. ఒకటో క్లాసులో చేరే ఏడాది మాత్రం పిల్లాడి వైపే మొగ్గండి.

మీ వారి సెలవు గురించి ఒక మాట. చాలా ఇళ్ళల్లో మగవాళ్ళు వచ్చేటప్పుడు తోడొచ్చి, ముందుగా వెళ్ళిపోతారు. అందరూ ఉత్సాహంగా ఉండే ప్రయాణానికి ఇద్దరు పెద్దవాళ్ళు, అందరూ ఏడుస్తూ అలిసిపోయి చేసే ప్రయాణానికి తల్లి ఒక్కతే. వచ్చే ఏడు ఆ రెండు వారాలూ చివరికి మార్చమనండి, తిరుగు ప్రయాణంలో తోడుండాలి. ఈసారికి ఆయన చేయగలిగింది ఉంది. మీరు దిగిన రోజు నుంచి కనీసం మూడు నాలుగు రోజులు ఇంట్లో ఉండాలి, ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగుతుంటే రైలెక్కే పని మీకే వదిలెయ్యకుండా ఎయిర్‌పోర్టుకే రావాలి. ఆదివారం అక్కడ దుకాణాలు మూసేస్తారు కదా, మీరు దిగేది ఆదివారమైతే పాలు, బ్రెడ్డు, అరటిపళ్ళు, పెరుగు శనివారమే తెచ్చి పెట్టాలి. మెట్లు ఊడ్చి తుడిచే కేర్‌వోఖె వంతు ఆ వారం మీ తలుపుకే తగిలిందంటే అది ఆయన పనే, లేదా పక్కవాళ్ళతో ముందే మార్చుకోవాలి. ఇవన్నీ అడగండి. అడిగితే చేస్తారు, చాలామందికి తట్టదు అంతే.

ఒంటరిగా ఇద్దరు పిల్లలతో వెళ్తున్నారు కాబట్టి తండ్రి సంతకంతో అనుమతి ఉత్తరం, పిల్లల జనన ధ్రువపత్రాల కాపీలు, ముగ్గురి రెసిడెన్స్ కార్డులు చేతి సంచిలోనే ఉంచుకోండి. అడగకపోవచ్చు, అడిగితే మాత్రం అర్ధరాత్రి కౌంటర్ దగ్గర వెతుక్కోవడం కష్టం.

ఇక బాబు బడి. జర్మనీలో మొదటిరోజు బడికెళ్ళే పిల్లాడి చేతికి వాడంత ఎత్తు కాగితపు శంఖువు ఇస్తారు, షూల్‌ట్యూటె అంటారు, మీరు పక్కిళ్ళల్లో చూసే ఉంటారు. లోపల చాక్లెట్లు, పెన్సిళ్ళు, చిన్న చిన్న బొమ్మలు. దాంట్లో అడుగున పెట్టడానికి ఒక వస్తువు అమ్మమ్మ చేత ఇప్పించండి. వాడి అక్షరాభ్యాసం పలక ఇంట్లో ఉందా? లేకపోతే మాంబళం రంగనాథన్ వీధిలో ఇప్పటికీ చెక్క ఫ్రేము పలకలు దొరుకుతాయి, అమ్మమ్మనీ మనవణ్నీ కలిసి వెళ్ళి కొనమనండి. పలక మీద అమ్మమ్మ వాడి పేరు తెలుగులో రాసిస్తే ఇంకా మంచిది. "అమ్మమ్మని వదిలేసి వచ్చాం" అనుకుంటున్న పిల్లాడికి, అమ్మమ్మే నన్ను బడికి పంపింది అన్న ధైర్యం వస్తుంది. పక్కన నాలుగు వేరుశెనగ చిక్కీలు కూడా పెట్టండి.

పాపకి కిటా, అంటే పసిపిల్లల బడి, మళ్ళీ కొత్తే. మొదట చేర్చినప్పుడు రోజుకి గంట, రెండు గంటలు అంటూ అలవాటు చేశారు కదా, అదే ఐన్‌గెవోనుంగ్ ఇప్పుడూ రెండు మూడు రోజులు చిన్నగా చేయమని టీచర్‌కి ఇవాళే మెయిల్ రాసేయండి. సెలవుల తర్వాత అలా అడగడం అక్కడ వింతేం కాదు. అన్నం విషయంలో గొడవ పెట్టుకోకండి. ఇక్కడ అమ్మమ్మ కథలు చెప్తూ, బాల్కనీలో కాకుల్ని చూపిస్తూ ముద్దలు పెట్టింది, అక్కడ బల్ల ముందు కూర్చుని తనంతట తాను తినాలంటే పాపకి అది వేరే తిండి. ఓ వారం పప్పన్నం మీ చేత్తోనే పెట్టండి, మెల్లగా చెంచా ఇవ్వొచ్చు.

గేటు దగ్గర "అమ్మమ్మ దగ్గరికి పోదాం" అన్నప్పుడు "ఇదే మన ఇల్లు, ఇలా ఏడవకూడదు" అని చెప్పకండి. "వచ్చే నెల వెళ్దాంలే" అని అబద్ధమూ వద్దు, పిల్లలు గుర్తుపెట్టుకుంటారు. "నాకూ అమ్మమ్మ గుర్తొస్తోందిరా, సాయంత్రం ఇద్దరం ఫోన్ చేద్దాం" అనండి. మీరు బాత్రూంలో దాక్కుని ఏడవక్కర్లేదు. అమ్మ కూడా బెంగ పెట్టుకుంటుంది, అయినా లేచి దోసె పోస్తుంది అని వాళ్ళకి తెలియడం మంచిదే. మొదటి వారంలోనే బాబు ఈడు పిల్లాణ్ని ఒకణ్ని ఇంటికి ఆడుకోవడానికి పిలవండి, ఇల్లు సర్దలేదని ఆగొద్దు. మీరు కూడా ఒక్క మనిషినైనా కలవండి, టీ తాగడానికైనా సరే. పోయినేడు మీకు దొరకనిది అదేనని నాకు అనిపిస్తోంది. ఉత్తరం మొత్తంలో అక్కడి స్నేహితురాలి మాట ఒక్కటీ లేదు. నాలుగైదు వారాలైనా నిద్ర పట్టక, దేని మీదా మనసు పోకపోతే మాత్రం డాక్టర్‌తో చెప్పండి, దాచుకోకండి.

తెలుగు గురించి మీరు భయపడనవసరం లేదు, మీరే దానికి సాక్ష్యం. మీరు విల్లివాక్కంలో పెరిగారు, వీధిలో తమిళం, బళ్ళో తమిళం, ఇంగ్లీషు, గడప లోపల తెలుగు. 2006 చట్టంతో బళ్ళల్లో తమిళం తప్పనిసరయ్యాక ఇక్కడి మన పిల్లలు చాలామందికి తెలుగు చదవడం రాకపోయింది, అది నాకు నిజంగా బాధే, కానీ మాట మాత్రం ఇళ్ళల్లో నిలబడింది. ఎలా నిలబడింది? అమ్మానాన్నలు మానలేదు కాబట్టి. బాబు జర్మన్‌లో జవాబిచ్చినా మీరు తెలుగులోనే మాట్లాడండి, "తెలుగులో చెప్పు" అని మాత్రం నిలదీయకండి. బడి మొదలైన కొత్తలో జర్మన్ ముందుకొస్తుంది, రానివ్వండి, వాడికి అక్కడ స్నేహితులు కావాలి.

ఇంకొక్కటి, ఇది మర్చిపోవద్దు. వెళ్ళాక పిల్లలకి జ్వరమొస్తే డాక్టర్‌తో మొదటి మాటగా "ఇండియా నుంచి వచ్చాం, ఫలానా తేదీన" అని చెప్పండి. డెంగ్యూ రెండు వారాల్లోపు బయటపడుతుంది, టైఫాయిడ్‌కి నెల కూడా పట్టొచ్చు, మలేరియా అయితే నెలల తర్వాత కూడా రావచ్చు. చెప్పకపోతే అక్కడి డాక్టర్ మామూలు వైరల్ అనుకోవచ్చు. డెంగ్యూ కాదని తేలేదాకా ఐబుప్రొఫెన్ వద్దు, పారాసిటమాల్ చాలు. క్లినిక్ మూసేసిన వేళల్లో 116117, అత్యవసరమైతే 112.

ప్రశ్న: మా అమ్మాయి నెదర్లాండ్స్ తిరిగి వెళ్తోంది. నెయ్యి, ఆవకాయ, కరివేపాకు, కొబ్బరికాయలు కట్టి ఇద్దామనుకుంటున్నాను. అల్లుడు వద్దంటున్నాడు. ఏవి పంపొచ్చు?
ఒక అమ్మ, పెరంబూరు

జవాబు: సగం మీది నెగ్గింది, సగం అల్లుడిది. యూరోపియన్ యూనియన్ దేశాల్లోకి బయటినుంచి మాంసం, పాల పదార్థాలు సామానులో తీసుకెళ్ళకూడదు. నెయ్యి, కోవా, పనీర్ అన్నీ అందులోకే వస్తాయి, పట్టుకుంటే తీసి పారేస్తారు. నెయ్యి అక్కడే కొనుక్కోమనండి, లేదా ఉప్పులేని వెన్న కాచుకోమనండి. పచ్చి కరివేపాకు, మామిడిపళ్ళ లాంటివాటికి మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి, 2019 డిసెంబరు నుంచి ఈ నియమం గట్టిగా ఉంది. దానికి మినహాయింపు ఐదింటికే: అనాస, కొబ్బరి, అరటి, ఖర్జూరం, డ్యూరియన్. కాబట్టి కొబ్బరికాయలు పంపొచ్చు. ఆవకాయ, గోంగూర పచ్చడి, కందిపొడి, ఎండబెట్టి కొట్టిన కరివేపాకు పొడి నిక్షేపంగా పంపండి. పచ్చడి సీసా వద్దు, మందపాటి కవర్లో సీలు వేయించి దాన్ని ఇంకో కవర్లో పెట్టి, చెక్-ఇన్ సామానులో పెట్టండి.

ప్రశ్న: మనవళ్ళు వెళ్ళి వారమైంది. ఇల్లు చూస్తే దిగులేస్తోంది. వీడియో కాల్ చేస్తే రెండు నిమిషాలు కూడా నిలబడరు, పరిగెత్తుకు పోతారు. నాకు ఏడుపొస్తే మా అమ్మాయి విసుక్కుంటోంది. నన్ను మర్చిపోతారేమో అని భయంగా ఉంది.
ఒక అమ్మమ్మ, కొళత్తూరు

జవాబు: మర్చిపోరమ్మా. చిన్నపిల్లలకి ఫోన్‌లో కబుర్లు చెప్పడం రాదు, పెద్దవాళ్ళకున్న అలవాటు అది. "ఏం తిన్నావు, స్కూల్లో ఏం చెప్పారు" అని అడిగితే పారిపోతారు. మీరు ఫోన్‌ని వంటగట్టు మీద డబ్బాకి ఆనించి పెట్టి చపాతీలు ఒత్తండి, అక్కడ వాళ్ళకి కాస్త పిండిముద్ద ఇమ్మని మీ అమ్మాయికి చెప్పండి. లేకపోతే రాత్రి పడుకోబెట్టేటప్పుడు చెప్పిన కథే సగం చెప్పి ఆపండి, మిగతా సగం రేపు. మాటలు అవే వస్తాయి, మీరు అడగక్కర్లేదు.

మీ అమ్మాయి విసుక్కుంటోందంటే మీ మీద కోపం కాదు, తనకీ ఏడుపొస్తోంది, మీరు ఏడిస్తే తను ఆపుకోలేదు. పిల్లలు పక్కనున్నప్పుడు "ఎప్పుడొస్తార్రా, అక్కడేముందని" అనకండి, ఆ మాట పిల్లాడు పట్టుకుని మర్నాడు బడి దగ్గర గొడవ చేస్తాడు. మీరిద్దరూ మనసు విప్పి మాట్లాడుకోవడానికి వారానికి ఒకసారి విడిగా ఫోన్ పెట్టుకోండి, పిల్లలు బడికెళ్ళిన వేళ. మీ దిగులు చెప్పుకోవడానికి ఇక్కడ కూడా ఒకరుండాలి, మీ చెల్లెలో, గుడిలో కలిసే ఆవిడో.

కాల్‌కి ఒక టైము అనుకోండి, ఎప్పుడు పడితే అప్పుడు వద్దు. జర్మనీ, నెదర్లాండ్స్, ఫ్రాన్స్ అయితే మన రాత్రి ఏడున్నర వాళ్ళకి సాయంత్రం నాలుగు, పిల్లలు బడి నుంచి వచ్చి ఏదో తింటూ కూర్చునే వేళ. అక్టోబరు చివరి ఆదివారం అక్కడ గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు, ఆరోజు నుంచి మీరు ఎనిమిదిన్నరకి చెయ్యాలి.