సల్కాటా తాబేలు పిల్ల కళ్లు తెరవడం లేదు: కారణం పెట్టెలోనే ఉంది

ప్రశ్న: మాకు ఘట్‌కేసర్ దగ్గర కోళ్ల ఫారం ఉంది, ఇల్లు బోడుప్పల్‌లో. మా పాప కోసం మూడు నెలల కింద అరచేతిలో పట్టేంత సల్కాటా తాబేలు పిల్లను కొన్నాం. అట్టపెట్టెలో ఊక పోసి, కోడిపిల్లల బ్రూడర్‌లాగే 60 వాట్ల బల్బు వేలాడదీశాం. రాత్రి ఆర్పేస్తాం. తిండి పాలకూర, దోసకాయ. తెచ్చినప్పుడు 58 గ్రాములుండేది, ఇప్పుడు 51. వారం నుంచి కళ్లు తెరవట్లేదు, తినట్లేదు. కొరైజా (కోళ్లకు వచ్చే జలుబు రోగం) లాంటిదనుకుని ఎన్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ నీళ్లలో కలిపి పెట్టాం. అమ్మిన షాపాయన మాత్రం ‘ఇది ఎడారి తాబేలు, తేమ తగిలితే జలుబు చేస్తుంది, పొడిగానే ఉంచండి, వైటమిన్-ఎ, ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్లు వేయించండి’ అంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక కోళ్ల రైతు

జవాబు: ముందుగా, ఆ రెండు ఇంజెక్షన్లూ వేయించకండి. ఐవర్‌మెక్టిన్ గొర్రెలకు, మేకలకు, పశువులకు మంచి పురుగుల మందే. తాబేలుకు అది విషం. మెడ, కాళ్లు చచ్చుబడి ప్రాణం పోతుంది. వైటమిన్-ఎ ఇంజెక్షన్ మోతాదు కాస్త మించితే చాలు, రెండు మూడు వారాల్లో మెడ మీద, కాళ్ల మీద చర్మం పొరలుగా ఊడి పుండ్లు పడతాయి. ఆకులు తినే తాబేలుకు ఆ వైటమిన్ లోపం రావడమే అరుదు. 51 గ్రాముల ప్రాణికి ఏ సూది మందైనా డాక్టరు తూకం వేసి, లెక్క కట్టి ఇవ్వాల్సిందే. జంతువును అమ్మినాయన ఫోన్‌లో చెప్పే మోతాదును నమ్మి పిల్లను పోగొట్టుకున్నవాళ్లను చాలామందిని చూశాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇది కొరైజా కాదు. ఆ క్రిమి కోళ్లది, తాబేలుకు రాదు. మీరు రాసినదాన్ని బట్టి పిల్ల ఒంట్లో నీరు ఎండిపోయింది. పగలు బల్బు కింద పొడి వేడి, రాత్రి చలి, కళ్లలో ఊక దుమ్ము. ఒకసారి దాని రెట్ట చూడండి. దాంతోపాటు వచ్చే తెల్లటి పదార్థం పెరుగు మీగడలా మెత్తగా ఉంటే ఫర్వాలేదు. వేళ్ల మధ్య రుద్దినప్పుడు ఇసుకలా గరగరమంటే నీళ్లు బాగా తగ్గినట్టు. యాంటీబయాటిక్ కలిపిన నీళ్లు ఈ రాత్రే పారబోయండి. అవి చేదు, ఉన్న కాస్త దాహాన్నీ చంపేస్తాయి. పైగా ఎండిపోయిన ఒంట్లో ఏ మందు పడినా భారం కిడ్నీల మీదే.

ఈ రాత్రి నుంచే స్నానం మొదలుపెట్టండి. 32–34 డిగ్రీల గోరువెచ్చటి నీళ్లు, లోతు కింది చిప్ప, పై చిప్ప కలిసే గీత వరకే. తల ఎప్పుడూ నీటిపైనే ఉండాలి. పూటకు 30 నిమిషాల చొప్పున రోజుకు రెండు పూటలు, 10 రోజులు. చలికి నీళ్లు పది నిమిషాల్లో చల్లారిపోతాయి కాబట్టి ఆ గిన్నెను వేడినీళ్లున్న పెద్ద గిన్నెలో పెట్టండి. కళ్లను నార్మల్ సెలైన్‌తో తడిపిన దూదితో మెల్లగా తుడవండి. ఇంట్లో ఉన్న కంటి చుక్కలేవీ వేయకండి. కళ్లు తెరిచిన తర్వాత కూడా ఏడాది వయసు వచ్చే వరకు రోజూ ఒక పూట స్నానం తప్పదు.

ఇప్పుడు అసలు సంగతి, పెట్టె. కోడిపిల్లకు లిట్టర్ (కింద పరిచే ఊక) ఎంత పొడిగా ఉంటే అంత మంచిదని మీకు ఎవరూ చెప్పక్కర్లేదు. మీరు చేసిన పొరపాటు ఆ అనుభవాన్ని తాబేలుకు వాడటమే. సల్కాటా సహారా ఎడారి దక్షిణపు అంచుల జంతువే, షాపాయన అంతవరకు నిజమే చెప్పాడు. కానీ పిల్లలు వానల కాలంలో బయటికొస్తాయి, ఎండ ముదిరితే బొరియల్లో దూరి ఉంటాయి. బొరియలో గాలి చెమ్మగా ఉంటుంది. మీ అట్టపెట్టెలో ఆ చెమ్మ ఎక్కడిది? 2003లో ఆస్ట్రియా పరిశోధకులు సల్కాటా పిల్లల మీద చేసిన ప్రయోగంలో, పై చిప్ప గుట్టలు గుట్టలుగా వంకరపోవడానికి పొడి గాలే ముఖ్య కారణమని తేలింది. తిండిలో మాంసకృత్తుల పాత్ర కొద్దిగానే కనిపించింది. ఒకసారి వంకరపోయిన చిప్ప మళ్లీ నున్నగా మారదు.

‘తేమ తగిలితే జలుబు’ అన్నది సగం నిజం. చల్లటి తేమ చేటు చేస్తుంది, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. వెచ్చటి తేమ మేలు చేస్తుంది. వేడిని, తేమను విడదీయకండి. పెట్టెలో ఏ మూలా, ఏ వేళా 27 డిగ్రీలకు తగ్గకూడదు. తేమ 75–80 శాతం ఉండాలి. డిసెంబరు, జనవరిలో మన దగ్గర రాత్రిళ్లు 12–15 డిగ్రీలకు దిగుతాయి. బల్బు ఆర్పేశాక మీ పెట్టె రాత్రంతా ఎంత చల్లబడిందో ఊహించండి.

అట్టపెట్టె, ఊక, బల్బు మూడూ ఒకచోట ఉంటే నిప్పంటుకుంటుంది. బ్రూడర్ షెడ్లు ఎలా తగలబడతాయో మీకు తెలుసు, అది మీ పాప పడుకునే ఇంట్లో జరగకూడదు. ఈ రోజే తీసేయండి. 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తుతో ప్లైవుడ్ పెట్టె చేయించండి. లోపలి వైపు వాటర్‌ప్రూఫ్ పూత పూసి, అది పూర్తిగా ఆరి వాసన పోయాకే వాడండి. పైన మూత తప్పనిసరి, ముందు జరిపే అద్దం. మూత లేని గాజు తొట్టిలో ఎన్ని నీళ్లు చల్లినా వేడి, తేమ రెండూ పైకే పోతాయి. గాలికి వెనక పలకలో వేలు దూరేంత రంధ్రాలు నాలుగు చాలు.

అడుగున నర్సరీల్లో దొరికే కోకోపీట్ 4 అంగుళాల మందం వేయండి. ఎరువు కలపనిదే కొనండి, ఉప్పు పోయేలా రెండుసార్లు కడగండి. గుప్పెట్లోకి తీసుకుని గట్టిగా పిండితే ముద్ద కట్టాలి, వేళ్ల సందుల్లోంచి ఒకటి రెండు చుక్కలకు మించి కారకూడదు. తర్వాత నీళ్లు పైన చల్లకండి. వారానికోసారి నాలుగు మూలల్లో కలిపి అర లీటరు గోరువెచ్చటి నీళ్లు పోస్తే అడుగు పొర తడిగా, పై పొర ఆరినట్టుగా ఉంటుంది. పైన ఎప్పుడూ చిత్తడిగా ఉంటే కింది చిప్ప కుళ్లుతుంది. ఒక మూల సగానికి పగలగొట్టిన మట్టికుండను, అంచులు అరగదీసి, బోర్లా పెట్టండి. అదే దాని బొరియ. పొగమంచు యంత్రం కొనమని షాపుల్లో వెంటపడతారు, అవసరం లేదు.

వేడికి రెండు ఏర్పాట్లు కావాలి. పగటికి 40–50 వాట్ల మామూలు ఫ్లడ్ బల్బు, రోజుకు 12 గంటలు. దాని కింద తాండూరు బండ ముక్క ఒకటి వేసి, తాబేలు వీపు ఎత్తులో కొలిస్తే 35–37 డిగ్రీలు వచ్చేలా బల్బు ఎత్తు సరిచేయండి. రాత్రికి వెలుతురు ఇవ్వని 60 వాట్ల సిరామిక్ హీటర్. దీనికి పింగాణీ హోల్డరే వాడాలి, ప్లాస్టిక్‌ది కరిగిపోతుంది. గుడ్లు పొదిగించే ఇంక్యుబేటర్ల డిజిటల్ థర్మోస్టాట్ మీకు తెలిసిందే. దాన్నే 27 దగ్గర వెలిగి 29 దగ్గర ఆగేలా పెట్టండి. ఎర్ర బల్బు వద్దు, తాబేలుకు ఎరుపు కనిపిస్తుంది, నిద్ర చెడుతుంది. ఏప్రిల్, మేలలో గదే 36–38 ఉంటే ఫ్లడ్ బల్బు తీసేయండి. ఆ రోజుల్లో గాలి మరీ పొడిగా ఉంటుంది కాబట్టి తేమ మీద ఇంకో కన్నేసి ఉంచండి.

కొలవకుండా మాత్రం ఏదీ చేయకండి. నా దగ్గరికి వచ్చే కేసుల్లో ‘వెచ్చగానే ఉందండీ’ అని చేత్తో తాకి చెప్పేవాళ్లే ఎక్కువ. 300 రూపాయల తేమ మీటరు కొన్నా, ముందు దాన్ని పరీక్షించాలి. సీసా మూతలో వంట ఉప్పు వేసి, కొన్ని చుక్కల నీళ్లతో ముద్దలా తడపండి. ఉప్పు కరిగిపోకూడదు. ఆ మూతను, మీటరును కలిపి జిప్ కవర్లో గాలి పోకుండా మూసి 12 గంటలు ఉంచండి. లోపల తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది. మీ మీటరు 68 చూపిస్తే, ఇకపై చదివిన ప్రతిసారీ 7 కలుపుకోండి.

యూవీబీ (ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత కిరణాలు) లేకుండా ఒంటికి కాల్షియం పట్టదు. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండలో యూవీబీ ఉండదు. 10–12 శాతం యూవీబీ టీ5 ట్యూబులైటును వీపుకు 45 సెంటీమీటర్ల ఎత్తులో బిగించి, ఏడాదికోసారి మార్చండి. లేదా బయట 26 డిగ్రీలు దాటిన రోజుల్లో ఉదయపు ఎండలో 20–30 నిమిషాలు, సగం నీడ ఉన్న టబ్బులో, మీరు పక్కనుండగా. కాకులు ఎత్తుకుపోతాయి.

పాలకూర, దోసకాయ ఆపేయండి. పాలకూర కాల్షియంను ఒంటికి పట్టనివ్వదు, దోసకాయలో నీళ్లు తప్ప ఏమీ లేవు. సన్నగా తరిగిన గరిక ముప్పావు వంతు, మిగతాది మందార ఆకులు, మల్బరీ ఆకులు, అప్పుడప్పుడు మునగాకు. పురుగుమందు కొట్టిన చోటి గడ్డి వద్దు. మూలికల దుకాణాల్లో దొరికే సముద్రపు నురుగు (కటిల్‌ఫిష్ ఎముక) ముక్క ఒకటి పెట్టెలో పడేయండి, కావాల్సినప్పుడు కొరుక్కుంటుంది. ఫారంలో ఉంది కదా అని కోడి దాణా, డీసీపీ (డైకాల్షియం ఫాస్ఫేట్) పొడి పెట్టకండి. డీసీపీలో భాస్వరం ఉంటుంది.

తాబేళ్ల రెట్టలో సాల్మొనెల్లా అనే, మనుషులకు విరేచనాలు తెప్పించే బ్యాక్టీరియా ఉండొచ్చు. పట్టుకున్న ప్రతిసారీ పాప సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఆ గిన్నెలు, టబ్బులు ఫారంలో ఎట్టి పరిస్థితిలోనూ కడగకండి.

ఇంకో మాట. సల్కాటా సైటీస్ (వన్యప్రాణుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలోని జంతువు. 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. షాపాయన బిల్లు ఇవ్వకపోతే వెంటనే అడిగి తీసుకోండి. చిప్ప మీద పసుపు నక్షత్రాల గీతలుంటే అది మన నక్షత్ర తాబేలు, వన్యప్రాణి రక్షణ చట్టంలో షెడ్యూల్-1 జంతువు. ఇంట్లో ఉంచుకోవడమే నేరం, అటవీ శాఖకు అప్పగించాలి. సల్కాటాయే అయితే పెద్దయ్యాక 40 కిలోలు దాటొచ్చు. అప్పుడే పుట్టిన గేదె దూడ కంటే ఎక్కువ బరువు, 70 ఏళ్ల ఆయుష్షు. ఆ రోజుకు ఎక్కడ ఉంచుతారో ఇప్పుడే ఆలోచించుకోండి.

నోరు తెరిచి, మెడ చాచి ఊపిరి తీస్తున్నా, ముక్కులోంచి బుడగలు వస్తున్నా స్నానాలతో కాలం గడపకండి. అదే రోజు రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకెళ్లండి. దారిలో చలి తగలకుండా, బట్ట చుట్టిన వేడినీళ్ల సీసా పక్కన పెట్టుకోండి. వెళ్లేటప్పుడు తాజా రెట్ట చిన్న డబ్బాలో పట్టుకెళ్తే నులిపురుగుల పరీక్ష కూడా అయిపోతుంది. ఆ ఫలితం చూశాకే పురుగుల మందు సంగతి. బరువు తగ్గడం 5 రోజుల్లో ఆగకపోయినా ఇదే దారి.

వంటింటి డిజిటల్ కాటా మీద రోజూ ఉదయం స్నానానికి ముందు తూచి, పెట్టెలో రెండు పూటల వేడి, తేమ అంకెలతో పాటు నోట్‌బుక్‌లో రాయండి. 10 రోజుల తర్వాత ఆ పేజీ ఫొటో, చిప్ప ఫొటో పంపండి. అప్పటికి కళ్లు తెరిచిందో లేదో కూడా రాయండి.