ఆంకా పెరిగిందని అమ్మ అన్నం మానేస్తోంది

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది కర్నూలు, ఉద్యోగం వల్ల బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. అమ్మకి 54. పోయినేడు ముక్కులోంచి రక్తం, దగ్గు, తర్వాత క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) పెరిగింది, ఆఖరికి జీపీఏ (సన్న రక్తనాళాలు వాచే జబ్బు) అని తేల్చారు, రక్తంలో ఆంకా అనే యాంటీబాడీ, అందులో పీఆర్3 రకం, పాజిటివ్. స్టెరాయిడ్, రిటుక్సిమాబ్ (యాంటీబాడీల తయారీకి మూలమైన బీ కణాల్ని తగ్గించే మందు) ఇచ్చాక బాగానే ఉంది, కూరగాయలకి తనే వెళ్లొస్తోంది. కానీ ఆంకా ఇంకా పాజిటివే, ఈసారి పెరిగింది కూడా. రిపోర్ట్ వచ్చిన రోజు అమ్మ అన్నం ముట్టదు. జబ్బు తగ్గిందో లేదో ముందే చెప్పే రక్తపరీక్ష ఏదైనా ఉందా?
– ఒక కూతురు, బెంగళూరు

జవాబు: అమ్మా, ఇది అమ్మకి చదివి వినిపించండి. మనిషి బాగుండి, యూరిన్ బాగుండి, క్రియాటినిన్ నిలకడగా ఉంటే ఒక్క ఆంకా పెరిగినంత మాత్రాన జబ్బు తిరగబెట్టినట్టు కాదు. ఆంకా అంటే మన తెల్లకణాల్లోని ప్రోటీన్ మీద మన ఒళ్లే తయారుచేసుకున్న యాంటీబాడీ, దాంతో ఆ కణాలు రెచ్చిపోయి సన్న రక్తనాళాల గోడల్ని దెబ్బతీస్తాయి. 1985లో ఈ జబ్బుకీ దీనికీ సంబంధం బయటపడ్డప్పటి నుంచి జబ్బుని పట్టుకోడానికి బాగా పనికొస్తోంది గానీ, రేపేమవుతుందో చెప్పడానికి దాన్నొక్కదాన్నే నమ్ముకోలేం. ఆంకా పెరిగీ ఏమీ కానివాళ్లున్నారు, నెగటివ్‌లో ఉండగానే తిరగబెట్టినవాళ్లూ ఉన్నారు. అందుకే యూరప్ రుమటాలజీ సంఘం 2022 సిఫార్సుల్లో కూడా ఆంకా, బీ కణాల లెక్క మాత్రమే చూసి మందులు మార్చొద్దు, మనిషిని పద్ధతిగా పరీక్షించి నిర్ణయించండి అనే ఉంది.

అలాగని కొట్టిపారేయకండి. ఆంకాలో ఎంపీఓ అనే ఇంకో రకం కంటే అమ్మకున్న పీఆర్3 రకంలో తిరగబెట్టడం ఎక్కువ, పైగా అమ్మకి కిడ్నీ దెబ్బతింది కాబట్టి పెరిగినప్పుడు యూరిన్ ఇంకాస్త జాగ్రత్తగా చూడాలి. ఒంట్లో వాపుని (ఇన్‌ఫ్లమేషన్) చూపే సీఆర్‌పీ, ఈఎస్‌ఆర్ రక్తపరీక్షలంటారా, అవి మామూలు ఇన్ఫెక్షన్‌కి కూడా పెరుగుతాయి.

నాకైతే అన్నిటికంటే యూరిన్ మీదే గురి. పొద్దున పట్టిన శాంపిల్ ఆలస్యం చెయ్యకుండా ల్యాబ్‌లో ఇచ్చి మైక్రోస్కోప్ కింద చూడమని అడగండి, కిడ్నీ వడపోతలోంచి నలిగి వచ్చిన ఎర్రకణాలు గుండ్రంగా ఉండవు, బుడిపెలు కట్టి వంకరటింకరగా కనిపిస్తాయి. దాంతోపాటు యూరిన్‌లో ఎంత ప్రోటీన్ పోతోందో చెప్పే ప్రోటీన్-క్రియాటినిన్ రేషియో కూడా చేయించండి. అయితే కొందరికి జబ్బు సద్దుమణిగాక కూడా యూరిన్‌లో కొంచెం రక్తం నెలల తరబడి పడుతుంది, అది పాతదా కొత్తదా అన్నది వరసగా రిపోర్ట్‌లు పక్కపక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది. యూరిన్‌లో సీడీ163 అనే ప్రోటీన్ కిడ్నీలో జబ్బు మళ్లీ రాజుకుందేమో బాగా పట్టిస్తోందని పరిశోధనల్లో తేలింది, అది నాకూ ఆశగా ఉంది.

ఆంకా ప్రతిసారీ ఒకే ల్యాబ్‌లో చేయించండి, ల్యాబ్ మారితే పద్ధతీ యూనిట్లూ మారి నంబర్లు పోల్చలేం. రిటుక్సిమాబ్ తర్వాత ఐజీజీ (ఇన్ఫెక్షన్లతో పోరాడే యాంటీబాడీ) తగ్గి ఇన్ఫెక్షన్లు రావచ్చు, అదీ అడిగి చూపించండి. దగ్గులో రక్తం, కాఫీ రంగు యూరిన్, కన్ను ఎర్రబడి నొప్పి, కాలో చెయ్యో మొద్దుబారి పట్టు తప్పడం, వీటిలో ఏది కనిపించినా రిపోర్ట్ కోసం ఆగకుండా ఆ రోజే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. నంబర్ చూసి స్టెరాయిడ్ మాత్రం మీ అంతట మీరు పెంచొద్దు, ఆపొద్దు.