డాక్టర్ సలహా: డయాలసిస్‌లో ఒంట్లో రక్తమంతా బయటికి తీసేస్తారా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం. నాన్నకు 54 ఏళ్లు, కొబ్బరి తోటలో పని. రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం) 8 దాటింది. త్వరలో డయాలసిస్ అవసరమవుతుంది, ముందు చేతికి ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి వీలుగా రక్తనాళాలను కలిపే చిన్న ఆపరేషన్) చేయించుకోమన్నారు. రక్తమంతా తీసేస్తారని, మొదలుపెడితే ఇక మానలేమని ఊళ్లో అనడంతో నాన్న ససేమిరా అంటున్నారు. వాడిన ఫిల్టరే మళ్లీ వాడతారట, నిజమేనా?

జవాబు: రక్తమంతా ఒకేసారి తీయరమ్మా. ఏ క్షణంలో చూసినా గొట్టాల్లో, ఫిల్టర్‌లో కలిపి ఉండేది ఒక టీ గ్లాసు పైచిలుకు, సుమారు 200 నుంచి 250 మిల్లీలీటర్లు. ఒకవైపు వెళ్తుంటే ఇంకోవైపు తిరిగి వచ్చేస్తుంటుంది. ఈసారి వెళ్లినప్పుడు ఆ ఫిల్టర్‌ని నాన్నగారికి చూపించమనండి. జానెడు ప్లాస్టిక్ గొట్టం, అందులో వెంట్రుకల్లా సన్నటి పీచు గొట్టాలు దాదాపు 10 వేలు. వాటి లోపల రక్తం, బయట డయాలసిస్ ద్రవం. గోడల్లోని సూక్ష్మ రంధ్రాల గుండా యూరియా, క్రియాటినిన్, పొటాషియం ద్రవంలోకి జారిపోతాయి. రక్తకణాలు పెద్దవి, దాటలేవు. నాలుగు గంటల్లో 120 లీటర్ల దాకా ద్రవం ఖర్చవుతుంది.

ఫిల్టర్‌ని మళ్లీ వాడే సెంటర్లు ఉన్నాయి. అయితే పేరు రాసిపెట్టి, శుభ్రం చేసి, అదే రోగికి వాడాలి. పీచు గొట్టాల సామర్థ్యం 80 శాతం కన్నా తగ్గితే పారేయాలి. ఎన్నోసారి వాడుతున్నారని నిలదీసి అడగండి, మొహమాటం వద్దు. ప్రతిసారీ కొత్తది ఇస్తే మంచిదే.

మానలేమన్నది నిజమే, కానీ తప్పు మెషిన్‌ది కాదు. చత్వారం కళ్లద్దాల వల్ల రాదు కదా! కిడ్నీలు పూర్తిగా పాడైతే డయాలసిస్ గానీ మార్పిడి గానీ తప్పదు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మీ ఉద్దానం ప్రాంతంలో ఈ భయం ఎందుకు పాతుకుపోయిందో నాకు తెలుసు. చాలామంది చివరిదాకా ఆగి, ఆయాసంతో అర్ధరాత్రి వస్తారు. అప్పటికప్పుడు మెడలో గొట్టం వేసి మొదలుపెడతాం. వారిలో కొందరు దక్కరు. ఊళ్లో మాత్రం "డయాలసిస్ చేశారు, పోయాడు" అనే మాటే మిగులుతుంది.

అందుకే ఫిస్టులా ఇప్పుడే చేయించండి. అది గట్టిపడటానికి 6 నుంచి 8 వారాలు పడుతుంది. తర్వాత ఆ చేతిని ముట్టుకుంటే సన్నగా జుమ్మంటుంది. రోజూ చూసుకోవాలి, ఆగితే అదే రోజు డాక్టర్‌కి చెప్పాలి. ఆపరేషన్ ఏ చేతికో ముందే అడిగి, ఆ చేతికి ఇప్పటినుంచే సెలైన్, ఇంజెక్షన్లు వేయనివ్వకండి.

మీ ప్రాంతం కాబట్టి ఒకటి గట్టిగా చెప్పాలి. నీరసంగా ఉందని కొబ్బరిబొండం ఇవ్వకండి. అందులో పొటాషియం ఎక్కువ, ఈ దశలో గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. జీడిపప్పూ వద్దు. కాళ్లు పట్టు తప్పినా, పడుకుంటే ఊపిరాడకపోయినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.