కళాశాల పేరు రాసి ఊరుకోవద్దు

విజయనగరం

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

మన జాతీయ నాయకుల చదువుల మీద నువ్వు పంపిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. వాక్యం శుభ్రంగా ఉంది. అయితే మూడో పేజీలో వి.వి. గిరి గారిని గురించి 'డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివారు' అని ఒక్క ముక్కలో తేల్చేసిన చోట నా పెన్సిలు ఆగిపోయింది. పక్కన 'ఎప్పుడు?' అని రాసి, కింద గీత గీశాను. 1952లో ఆయన మీ పాతపట్నం నియోజకవర్గం నుంచే తొలి లోక్‌సభకు వెళ్లారు కనుక, ఆ ప్రశ్నకు జవాబు వెతికే బాధ్యత నీకు మరీ ఎక్కువ.

బరంపురం నుంచి బయలుదేరి ఆయన ఐర్లండ్‌లోని డబ్లిన్ చేరింది 1913లో. కార్మిక సంఘాన్ని వదిలేది లేదన్న వేలాది పనివారిని యజమానులు బయటికి నెట్టి, నెలల తరబడి లాకౌట్ సాగించింది కూడా ఆ ఏడాదే, ఆ నగరంలోనే. న్యాయశాస్త్రం తరగతి గదిలో విన్నారు సరే, ఆకలి కడుపుతో సంఘాన్ని అంటిపెట్టుకున్న మనుషులను ఆయన చూసింది వీధిలో అని నా నమ్మకం. బ్రిటిష్ పాలన మీద ఐరిష్ వారు లేచిన 1916 ఈస్టర్ తిరుగుబాటు తరువాత, ఐరిష్ ఉద్యమకారులతో సంబంధాలున్నాయన్న అనుమానంతో అక్కడి ప్రభుత్వం ఆయనను దేశం విడిచి పొమ్మంది. తిరిగి వచ్చాక ఆయన బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను కూడగట్టారు. ఈ ఉత్తరం రాస్తుండగా నా గదిలోకి వినిపిస్తున్న కూత ఒకప్పటి ఆ రైల్వే లైను మీదిదే. 1937 ఎన్నికల్లో బొబ్బిలి రాజావారిని బొబ్బిలిలోనే ఓడించారు. కేంద్ర కార్మిక మంత్రి అయ్యాక, బ్యాంకు ఉద్యోగులకు అనుకూలంగా వచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చిందని 1954లో పదవినే వదులుకున్నారు. ఆ రాజీనామాను డబ్లిన్ వీధులతో కలిపి చదివితే తప్ప ఆయన చదువుకున్న చదువేమిటో పాఠకుడికి అందదు.

అదే 1913లో అంబేడ్కర్ బరోడా మహారాజు ఇచ్చిన ఉపకారవేతనంతో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. నువ్వు ఆయన డిగ్రీలన్నీ వరుసగా పేర్చావు. చిన్ననాటి బడిలో అంటరానివాడని విడిగా కూర్చోబెట్టిన మనిషికి, తోటి విద్యార్థుల పక్కనే కూర్చుని తత్వవేత్త జాన్ డ్యూయీ పాఠం వినడం ఎలాంటి అనుభవమో మాత్రం రాయలేదు. జీవితంలో తనకు దొరికిన మంచి మిత్రులలో కొందరు ఆ సహాధ్యాయులేనని తరువాత ఆయనే చెప్పుకున్నారు. నీ వ్యాసానికి ప్రాణం అక్కడుంది. లాల్ బహదూర్ పేరు చివరి 'శాస్త్రి' ఇంటిపేరు కాదనీ, ప్రభుత్వ కళాశాలలను వదిలి వచ్చిన విద్యార్థుల కోసం 1921లో పుట్టిన కాశీ విద్యాపీఠం ఇచ్చిన పట్టా అనీ ఒక్క వాక్యం చేర్చు, చాలు. పి.వి. గారి దగ్గర కొంచెం నిలబడు. వందేమాతరం పాడినందుకు ఉస్మానియా నుంచి వెళ్లగొట్టిన ఆయన వంటి విద్యార్థులను నాగపూర్ విశ్వవిద్యాలయం చేర్చుకుంది. వెళ్లగొట్టిన చోటు కూడా చదువు చెప్పినట్టే రాయాలి.

చిన్నతనంలో నేనూ కళాశాలల పేర్లు జాబితాగా రాసి, అదే చరిత్ర అనుకుని, ఎన్నో ఏళ్లు పోగొట్టుకున్నాను. నీకు ఆ నష్టం వద్దు.

ముందు గిరి గారి పేరా ఒక్కటే తిరగరాసి పంపు. 1952 ఎన్నిక సభలను పిల్లలుగా చూసినవారు మీ ఊళ్లో ఒకరిద్దరైనా ఉండవచ్చు. పుస్తకం తెరిచే ముందు వెళ్లి వారి దగ్గర కూర్చో.