ఊరందరి గోడూ వింటారు, ఇంటి లెక్క మాత్రం చెప్పరు

ప్రశ్న: మా ఆయనకు 46. సాఫ్ట్‌వేర్ కంపెనీలో సీనియర్ పోస్టుకి రిజైన్ చేసి ఏడాదిన్నరగా సొంతంగా కన్సల్టెంట్‌గా చేస్తున్నారు. 'ముందు మనుషుల్ని చూడాలి, తర్వాతే కోడ్' అంటారు. క్లయింట్ పిలిచేది సిస్టమ్ సరిచేయమని, ఈయనేమో అక్కడి కుర్రాళ్లతో మాట్లాడుతూ కూర్చుంటారు. రాత్రి పదకొండుకి కూడా వాళ్ల ఫోన్లు. ఆ టైముకి బిల్లు వేయరు. ఒకరు నాలుగు నెలలుగా డబ్బే ఇవ్వలేదు. ఇంట్లో ఎంత ఉందో నాకు తెలియదు. కొడుకు ఇంకా కంపెనీలోనే ఉన్నాడని అత్తగారు చుట్టాలకి చెప్తున్నారు, నన్నూ అలాగే చెప్పమంటున్నారు. పాప ఇంటర్‌లో చేరింది. మళ్లీ ఉద్యోగం చూసుకోమని పట్టుబట్టనా?
– ఒక సోదరి, హైదరాబాద్

జవాబు: ఇప్పుడే పట్టుబట్టకండి. ఆయన చేసేది కాలక్షేపం కాదు. ఒక సంస్థలో మనుషులు ఎలా మాట్లాడుకుంటారో వాళ్లు కట్టే సిస్టమ్ కూడా అలాగే తయారవుతుందని మెల్విన్ కాన్వే అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 1968లోనే రాశారు, ఆ రంగంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. చెప్పిన తేదీకి సాఫ్ట్‌వేర్ పూర్తవదని అందరికీ తెలిసినా మేనేజర్ ముందు ఎవరూ నోరు విప్పని చోట, బయటినుంచి వచ్చిన పెద్దమనిషి ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి వింటే సగం చిక్కు అక్కడే విడిపోతుంది. కాకపోతే నాడి చూసినందుకే కదా డాక్టర్ ఫీజు తీసుకునేది! ఈయన చూస్తారు గానీ ఫీజు అడగరు, నాకు కోపం వచ్చింది అక్కడే.

కాబట్టి అగ్రిమెంట్‌లోనే రాయించమనండి: మొదటి రెండు వారాలు టీమ్‌తో విడివిడిగా మాట్లాడటమే పని, దానికి రోజుకి ఇంత. ఫోన్లకి వారంలో ఒక టైము, ఆ తర్వాత ఫోన్ పక్కన పెట్టేయాలి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న సంస్థలకి ప్రభుత్వం ఇచ్చే నమోదు, లేకపోతే వెంటనే చేయించండి, ఉచితమే. చిన్న సంస్థగా నమోదైతే క్లయింట్ 45 రోజుల్లోపు కట్టాలి, ఆలస్యమైతే ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకి మూడు రెట్ల వడ్డీ. పాత బాకీకి మాత్రం ఇది అక్కరకొస్తుందని ఆశ పెట్టుకోకండి, దానికి లాయర్ నోటీసు పంపించడమే మంచిది.

ఇక మీ ఇంటి సంగతి. అసలు కష్టం డబ్బు తక్కువై కాదు, మీకు తెలియక. అది తేలాలంటే రాత్రి ఆయన ఫోన్ పెట్టేసిన క్షణంలో మొదలుపెట్టకండి, గొడవే మిగులుతుంది. ఆదివారం పొద్దున, పాప ట్యూషన్‌కి వెళ్లాక, కాగితం పెన్ను పెట్టుకుని కూర్చోండి. చేతిలో ఎంత ఉంది, ఎవరెంత ఇవ్వాలి, నెలకి ఇంటికి ఎంత కావాలి అని అడగండి. బిల్లు మీద వేసే 18 శాతం జీఎస్టీ ప్రభుత్వానిది, దాన్నీ అడ్వాన్స్ టాక్స్‌నీ (ఏడాది మధ్యలోనే విడతలుగా కట్టే ఆదాయపు పన్ను) వేరే ఖాతాలో పెట్టించండి, లేకపోతే అకౌంట్‌లో కనబడిందంతా మనదే అనిపించి ఖర్చయిపోతుంది. ఇంకోటి, నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టిందిదే: కంపెనీ హెల్త్ ఇన్సూరెన్స్ ఉద్యోగంతోనే పోయుంటుంది, వేరే పాలసీ తీసుకున్నారా? లేకపోతే ఈ వారమే తీసుకోండి, ఎందుకంటే అత్తగారికి షుగరో బీపీయో ముందే ఉంటే దానికి కవరేజీ రావడానికి మూడేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు.

గడువు మీరిద్దరూ కలిసి పెట్టుకోండి. వచ్చే మార్చి ఆఖరుకి ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన పడితే ఉద్యోగం ఊసెత్తనని మీరు మాటివ్వండి, పడకపోతే తానే రెజ్యూమె బయటికి తీస్తానని ఆయన ఇవ్వాలి. అలా చేరినా పరువేం పోదు, మళ్లీ బయటికి రావచ్చు.

అత్తగారి విషయంలో మీరు మధ్యలో ఉండొద్దు. ఆవిడకి నచ్చజెప్పాల్సింది కొడుకు, ఆ పని కోడలి నెత్తిన పెట్టకూడదని ఆయనకే చెప్పండి. చుట్టాలు అడిగితే 'సొంతంగా చేసుకుంటున్నారండీ' అనండి చాలు, జీతం ఎంతని అడిగేవాళ్లు ఎలాగూ అడుగుతారు, వాళ్లకి కాఫీ ఇచ్చి పంపించండి.