న్యూటన్ పేరు మీద గ్లాసులెత్తిన కవులు

చిరంజీవికి,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. భాష హాయిగా ఉంది. కానీ రొమాంటిక్ కవులకు, అంటే రెండు వందల ఏళ్ల కిందటి కీట్స్, వర్డ్స్‌వర్త్ లాంటి ఇంగ్లిష్ కవులకు, సైన్స్ అంటే గిట్టదన్న మొదటి వాక్యం దగ్గరే నాకు నవ్వొచ్చింది. నా తొలి వ్యాసం కూడా అచ్చం అలాగే మొదలైంది. ఇంద్రధనుస్సును రంగులుగా విడదీసి చూపి అందులోని కవిత్వాన్ని న్యూటన్ చంపేశాడని కీట్స్ అన్నాడు కదా, నాకున్న ఆధారమల్లా అదే. సెమినార్‌లో చదివాక వెనక వరుసలోంచి ఒక పెద్దాయన, "ఇంతకీ కీట్స్ ఏం చదువుకున్నాడమ్మా?" అన్నారు. నోట మాట రాలేదు.

కీట్స్ 1815 అక్టోబర్‌లో లండన్ గైస్ ఆసుపత్రిలో వైద్య విద్యార్థిగా చేరాడు. మరుసటి జులైలో అపోథెకరీ (మందులిచ్చే వైద్యుడి) పరీక్ష పాసయ్యాడు. ఆ 1816 అక్టోబర్‌లోనే, చాప్‌మన్ ఇంగ్లిష్‌లోకి తెచ్చిన హోమర్ కావ్యాల మీద సానెట్ (పద్నాలుగు పంక్తుల కవిత) రాశాడు. అందులో ఆకాశం కేసి చూస్తున్నవాడి చూపులోకి ఒక కొత్త గ్రహం ఈదుకుంటూ వస్తుంది. ఖగోళ శాస్త్రవేత్త హెర్షెల్ 1781లో యురేనస్‌ను కనిపెట్టిన సంగతి వెనకాల లేకపోతే ఆ పోలిక ఎక్కడిది?

ఇక ఇంద్రధనుస్సు మాట. అది 1817 డిసెంబర్ 28న చిత్రకారుడు హేడన్ ఇంట్లో విందు దగ్గర పుట్టింది. వ్యాసకర్త చార్లెస్ లాంబ్ అప్పటికే మంచి నిషాలో ఉన్నాడు. అతనూ కీట్సూ కలిసి న్యూటన్‌ను ఆడిపోసుకున్నాక, అందరూ కలిసి ఆ న్యూటన్ పేరు మీదే గ్లాసులెత్తారు, లెక్కల శాస్త్రానికి మూడాలని కోరుకుంటూ! ఆ సరదాను నేను సిద్ధాంతం చేసి కూర్చున్నాను. 1820లో అచ్చయిన కీట్స్ కావ్యం 'లామియా'లో ఆ ఫిర్యాదు మళ్లీ వచ్చిందనుకో. దాన్ని దాచకు. హెర్షెల్ గ్రహాన్ని దాని పక్కన పెట్టు. రెండూ రాసింది ఒక్కడే.

మేరీ షెల్లీ నవల 'ఫ్రాంకెన్‌స్టైన్' జోలికి ఇప్పుడే పోకు, దాని మీద రాసేవాళ్లు అక్కడ ఇప్పటికే కిటకిటలాడుతున్నారు. హంఫ్రీ డేవీని చదువు. 1800లో తన కవితల పుస్తకం 'లిరికల్ బాలడ్స్' రెండో కూర్పు ప్రూఫుల్లో కామాలు, ఫుల్‌స్టాప్‌లు సరిచేయమని వర్డ్స్‌వర్త్ అడిగింది ఈ రసాయన శాస్త్రవేత్తనే. అప్పటికి ఇద్దరికీ ముఖపరిచయం కూడా లేదు.

సాహిత్యాన్నీ సైన్స్‌నూ కలిపి చదివే ఈ దారిలో ఉద్యోగానికి టెన్షన్ తప్పదు. ఇంగ్లిష్ శాఖలో నన్ను కెమిస్ట్రీ మేడమ్ అని ఏడిపించేవారు. కెమిస్ట్రీ వాళ్లేమో టీ ఇచ్చి పంపేసేవారు.

కీట్స్ రాసుకున్న శరీర నిర్మాణ శాస్త్రం నోట్సు 1934లో అచ్చయింది. లైబ్రరీలో అడిగి తెప్పించుకో. అసలు నోట్‌బుక్ అంచుల్లో అతను పూలు గీసుకున్నాడు. అది చదివాక ఆ మొదటి వాక్యం కొట్టేసి, వ్యాసం మళ్లీ పంపు.

ఆశీస్సులతో,
మీ మేడమ్