నెయ్యి మానేసినా ఎల్‌డీఎల్ ఎందుకు తగ్గడం లేదు?

ప్రశ్న: నా వయసు 34. హైదరాబాద్ కూకట్‌పల్లిలో ఉంటాం. బరువు 54 కిలోలు. షుగర్, బీపీ లేవు. ఆఫీసు హెల్త్ చెకప్‌లో ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 236 వచ్చింది. ఆరు నెలలు నెయ్యి, వేపుళ్లు మానేసి మళ్లీ చేయిస్తే 221. మా నాన్న 46 ఏళ్లకే గుండెపోటుతో పోయారు. డాక్టర్ కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర రాసి, ఎల్‌డీఎల్ రిసెప్టర్ జీన్‌లో లోపం ఉండొచ్చన్నారు. లివర్ పాడవుతుందని ఇంట్లో మాత్ర వద్దంటున్నారు. మాకు తొమ్మిదేళ్ల పాప ఉంది. మా చెల్లికి మేనత్త కొడుకుతో సంబంధం అనుకుంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: ఇందులో మీ తప్పేమీ లేదమ్మా. ఆరు నెలలు నోరు కట్టుకుని కూడా 221 దగ్గరే ఉన్నారంటే, సమస్య మీ వంటింట్లో లేదు.

రక్తంలో కొలెస్ట్రాల్‌ను మోసుకు తిరిగే రేణువులే ఎల్‌డీఎల్. వాటిని పట్టుకుని లోపలికి తీసుకోవడానికి కణాల పైపొర మీద రిసెప్టర్లు ఉంటాయి. ఎక్కువగా ఉండేది లివర్‌లో. ఒక్కో రిసెప్టర్ ఒక ఎల్‌డీఎల్‌ను పట్టుకుని కణంలోకి వెళ్తుంది, దాన్ని అక్కడ వదిలి దాదాపు పది నిమిషాల్లో మళ్లీ పైకి వస్తుంది. మన బస్తీల్లో తిరిగే స్వచ్ఛ ఆటోలను గుర్తు చేసుకోండి. ఇళ్లలో చెత్త ఎప్పటంతే ఉన్నా, ఆటోలు సగమే వస్తే గల్లీలో కుప్పలు పడతాయి. మీ రక్తంలో జరుగుతున్నది దాదాపు అదే.

ఈ రిసెప్టర్‌ను తయారుచేసే జీన్ 19వ క్రోమోజోమ్ మీద ఉంటుంది. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి చొప్పున రెండు కాపీలు వస్తాయి. ఒక కాపీ చెడితే పనిచేసే రిసెప్టర్లు సగానికి పడిపోతాయి. కొందరిలో రిసెప్టర్ అసలు తయారవదు, కొందరిలో తయారై కణం లోపలే ఇరుక్కుపోతుంది, ఇంకొందరిలో పైకి వచ్చినా ఎల్‌డీఎల్‌ను పట్టుకోలేదు. ఈ రహస్యాన్ని విప్పిన మైఖేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ వచ్చింది. ఇదేదో వింత జబ్బు కూడా కాదు. ప్రపంచవ్యాప్తంగా సుమారు 250 మందిలో ఒకరికి ఉంటుంది. అంటే వెయ్యి మంది ఉండే గేటెడ్ కమ్యూనిటీలో సగటున నలుగురు. వాళ్లలో చాలామందికి ఆ సంగతి తెలియదు. నన్ను బాధపెట్టేది అదే.

ఎల్‌డీఎల్ 190 దాటడం, నాన్నగారు చిన్న వయసులోనే పోవడం, ఈ రెండూ కలిస్తే మీ డాక్టర్ అనుమానం సరైనదే. అయితే థైరాయిడ్ తగ్గినా ఎల్‌డీఎల్ పెరుగుతుంది కాబట్టి టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్త పరీక్ష ఒకసారి చేయించుకోండి. మడమ వెనక నరంలా ఉండే స్నాయువు లావెక్కిందేమో, కంటి నల్లగుడ్డు చుట్టూ తెల్లటి వలయం ఉందేమో డాక్టర్ చూస్తారు. జీన్ పరీక్ష కావాలంటే నిమ్స్ ఆసుపత్రిలో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది, అక్కడ అడగండి. ఆ రిపోర్ట్ కోసం మాత్ర ఆపి కూర్చోవద్దు.

ఇక మాత్ర. స్టాటిన్ లివర్‌లో కొలెస్ట్రాల్ తయారీని తగ్గిస్తుంది. లోపల కొరత రాగానే లివర్ బాగున్న కాపీతో మరిన్ని రిసెప్టర్లు తయారుచేసి పైకి పంపుతుంది. రక్తంలో ఎల్‌డీఎల్ తగ్గేది అలా. లివర్‌కు పెద్ద హాని జరగడం చాలా అరుదు. మొదట్లో ఒకసారి లివర్ పరీక్ష చేస్తారు. ఒళ్లునొప్పులు ఎక్కువైతే చెప్పండి, మందు మార్చవచ్చు. ఎల్‌డీఎల్‌ను కనీసం సగానికి తగ్గించి 100 లోపుకు తేవాలని చూస్తాం. చాలకపోతే ఎజెటిమైబ్ అనే మరో మందు కలుపుతారు. రిసెప్టర్లు మళ్లీ పైకి రాకుండా నాశనం చేయించే పీసీఎస్‌కే9 అనే ప్రొటీన్‌ను అడ్డుకునే ఇంజెక్షన్లు కూడా ఇప్పుడున్నాయి. మరో బిడ్డ కావాలనుకుంటే మాత్రం ముందుగానే డాక్టర్‌కు చెప్పండి.

మీలో ఈ లోపం ఉంటే పాపకు వచ్చే అవకాశం 50 శాతం. ఇప్పుడే లిపిడ్ ప్రొఫైల్ (కొలెస్ట్రాల్ రక్త పరీక్ష) చేయించండి. ఎక్కువుంటే 8–10 ఏళ్ల వయసు నుంచే పిల్లల డాక్టర్ పర్యవేక్షణలో స్టాటిన్ మొదలుపెట్టవచ్చు. భయంతో తన పాలు, గుడ్లు ఆపకండి.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆలోచింపజేసింది చెల్లెలి సంబంధం. లోపం నాన్నగారి నుంచి వచ్చి ఉంటే, ఆయన తోబుట్టువైన మేనత్తకూ, ఆవిడ కొడుకుకూ ఉండొచ్చు. మీ చెల్లికీ సగం అవకాశం ఉంది. వాళ్లిద్దరికీ ఉండి పెళ్లి జరిగితే, పుట్టే ప్రతి బిడ్డకూ రెండు కాపీలూ చెడ్డవే వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. అలాంటి పిల్లల్లో ఎల్‌డీఎల్ 400 దాటిపోతుంది, చిన్నతనంలోనే మోకాళ్లు, మోచేతుల మీద పసుపు గడ్డలు వస్తాయి, ఇరవై ఏళ్లలోపే గుండెపోటు రావచ్చు. పైకి పంపడానికి మంచి రిసెప్టర్లే లేనందువల్ల వాళ్లకు స్టాటిన్ కూడా పెద్దగా పనిచేయదు. మిషన్‌తో రక్తంలోని ఎల్‌డీఎల్‌ను వడకట్టాల్సి వస్తుంది.

ఈ సంబంధం వద్దని నేననను. ఇద్దరిలో ఒకరికి లేకపోయినా ఈ తీవ్ర రూపం వచ్చే ప్రమాదం దాదాపు ఉండదు. అందుకే ముహూర్తాలు పెట్టుకోకముందే చెల్లి, బావ, మేనత్త ముగ్గురికీ లిపిడ్ ప్రొఫైల్ చేయించండి. మామూలు ల్యాబ్‌లో ఒక్క రోజులో అయిపోతుంది. ఇద్దరికీ ఎక్కువ వస్తే జీన్ పరీక్ష చేయించుకుని, జెనెటిక్ కౌన్సెలర్ దగ్గర పెద్దవాళ్లతో కలిసి కూర్చోండి. మేనత్తతో ఈ మాట ఎత్తడం కష్టంగా ఉంటే నాన్నగారి సంగతితో మొదలుపెట్టండి. అన్నయ్యను పోగొట్టుకున్న మనిషి, ఆవిడకు అర్థమవుతుంది.

– కార్డియాలజిస్ట్, హైదరాబాద్